అతుకులోనే ఉంది వేగం: పొన్నూరు సీమలో ఫైబర్ పనితనం

కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే విద్యలో చూపరుల దృష్టి తెర మీదా, వేగం మీదా నిలుస్తుంది గాని, ఆ వేగానికి ఆధారం రెండు గాజుపోగుల కొనలు కలిసే అతుకేనన్న సంగతి ఆ పనిలో చేయి తిరిగినవారికి తప్ప తక్కినవారికి అంతగా తెలియదు. గుంటూరు నుంచి బాపట్ల వెళ్లే దారిలో, కృష్ణా పశ్చిమ డెల్టా వరిచేల నడుమ ఉన్న పొన్నూరు భావనారాయణస్వామి కోవెలకూ, సహస్రలింగేశ్వరాలయంలోని భారీ ఆంజనేయ, గరుత్మంత విగ్రహాలకూ పేరుపొందింది. దానిని ఆనుకొని ఉన్న నిడుబ్రోలు ఆచార్య ఎన్.జి. రంగా స్వస్థలంగా చరిత్రకెక్కింది. ఆ ఊళ్ల కరెంటు స్తంభాల మీదా, కేబుల్ ఆపరేటర్ల ఇరుకు గదుల్లోనూ, జాయింటర్ల సంచుల్లోనూ బతుకుతున్న మరొక విద్యకు మాత్రం తగిన కీర్తి దక్కలేదు. గాజును గాజుతో కరిగించి కలిపి, కాంతి తడబడకుండా దాటిపోయేలా చేసే ఫైబర్ స్ప్లైసింగ్, శాస్త్రం నుంచి పుట్టినదే అయినా, దాని శ్రేష్ఠత పనివాడి చేతిలోనే ఉంది.

ఈ విద్యకు ముందుతరాలున్నాయి. రైలు స్టేషన్లలో మోర్స్ మీటను ఆడించిన తంతి గుమస్తాలు మొదటి తరం. 2013 జూలైలో దేశమంతటా టెలిగ్రామ్ సేవ ముగిసేనాటికే వారి నేర్పు పెద్దల జ్ఞాపకాల్లోకి వెళ్లిపోయింది. వందల జతల రాగితీగలను రంగుల వరసను బట్టి కలిపిన టెలిఫోన్ శాఖ జాయింటర్లు రెండవ తరం. 1984లో ఏర్పడిన సీ-డాట్ సంస్థ దుమ్మునూ ఎండనూ ఓర్చుకొనేలా రూపొందించిన గ్రామీణ ఎక్స్ఛేంజీలు పల్లెలకు చేరిన కాలంలో వారికి చేతినిండా పని. 1990ల తొలినాళ్లలో డాబాల మీద డిష్‌లు నిలిపి, కోయాక్సియల్ తీగతో వీధివీధికీ టీవీ చానళ్లు పంచిన కేబుల్ ఆపరేటర్లు మూడవ తరం. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్‌ను ప్రారంభించినప్పుడు, నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టీవీ, టెలిఫోన్ మూడూ ఒకే పోగు మీద ఇంటికి వస్తాయని ప్రకటించినప్పుడు, ఆ పోగును స్తంభం నుంచి గడపదాకా చేర్చే భారం ఈ మూడవ తరం భుజాల మీదనే పడింది.

అతుకు విలువ తెలియాలంటే ఆ దారిన పోయేది ఏమిటో ముందు తెలియాలి. అక్షరమైనా, పాటైనా, చిత్రమైనా కంప్యూటరులో 0, 1 అనే రెండు గుర్తుల వరసగానే ఉంటుంది. ఒక్కొక్క గుర్తును బిట్ అంటారు, ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. ఏ సమాచారాన్నైనా బిట్లలో కొలవవచ్చుననీ, రొద ఉన్న దారిలో సైతం ఆ దారి సామర్థ్యానికి లోబడి పంపితే తప్పులను కోరినంత మేరకు తగ్గించవచ్చుననీ 1948లో క్లాడ్ షానన్ గణితంతో నిరూపించాడు. ఒక్క వ్యాసంతో ఒక శాస్త్రానికి పునాది వేసిన అలాంటి ఘనత చరిత్రలో బహు అరుదు. 1960లలో అమెరికాలో పాల్ బారన్, బ్రిటన్‌లో డొనాల్డ్ డేవిస్ ఒకరి కృషి ఒకరికి తెలియకుండానే, సమాచారాన్ని చిన్న ముక్కలుగా విడదీసి పంపాలన్న ఆలోచనకు వచ్చారు. ఆ ముక్కకు ప్యాకెట్ అని పేరు పెట్టినవాడు డేవిస్. గుంటూరు మిర్చి యార్డులో ఒక లాటు సరుకు టిక్కీలుగా, అంటే బస్తాలుగా, విడివడి, ప్రతి టిక్కీ తన గుర్తుతో ఏ లారీలో చోటు దొరికితే ఆ లారీలో బయలుదేరి, గమ్యం దగ్గర మళ్లీ ఒక్క లాటుగా చేరినట్లే, ప్యాకెట్లు కూడా పంపినవారి చిరునామా, అందుకొనేవారి చిరునామా, వరస సంఖ్య మోసుకుంటూ వీలున్న దారుల్లో వెళ్లి చివర ఒకటవుతాయి. ఈథర్‌నెట్ పద్ధతిలో ఒక్కో ముక్క మామూలుగా 1500 బైట్లకు మించి మోయదు గనుక, తెగులు సోకిన మిర్చి ఆకును వ్యవసాయాధికారికి చూపడానికి రైతు పంపే 3 మెగాబైట్ల ఫొటో సుమారు 2000 ముక్కలుగా బయలుదేరుతుంది.

ఈ ముక్కల చిరునామా చదివి దారి చూపే యంత్రం రౌటరు. దారిలో పోయిన ముక్కను గుర్తించి మళ్లీ పంపించే కట్టుబాటు టీసీపీ. అలాంటి కట్టుబాటును, అంటే రెండు యంత్రాలు ఒకే తీరున నడుచుకోవడానికి ముందుగా ఒప్పుకొన్న నియమావళిని, ప్రోటోకాల్ అంటారు. వింట్ సెర్ఫ్, బాబ్ కాన్ 1974లో ప్రకటించిన టీసీపీ ఆలోచన 1983 జనవరి 1 నాటికి ఇంటర్నెట్‌కు ముందురూపమైన ఆర్పానెట్ అంతటా అమలులోకి వచ్చింది. ఏ సంస్థ సొత్తూ కాని ఆ బహిరంగ నియమావళి వల్లనే పొన్నూరులోని చిన్న ఆపరేటరు యంత్రం ప్రపంచంలోని ఏ యంత్రంతోనైనా మాట్లాడగలుగుతున్నది. 1985లో రేడియా పెర్ల్‌మన్, వలయాలుగా చుట్టుకుపోయే తీగల అల్లికలో ప్యాకెట్లు అంతులేకుండా తిరగకుండా యంత్రాలే తమలో తాము చెట్టు ఆకారపు దారిని ఎంచుకొనే పద్ధతిని కనిపెట్టింది. 1986 అక్టోబరులో బర్కిలీ విశ్వవిద్యాలయానికీ, 400 గజాల దూరంలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాలకూ మధ్య వేగం సెకనుకు 32 వేల బిట్ల నుంచి 40 బిట్లకు పడిపోయినప్పుడు, వాన్ జేకబ్‌సన్ కొత్త తీగ వేయమని అడగలేదు; రద్దీ పెరిగినప్పుడు పంపేవాడే నెమ్మదించి, దారి ఖాళీ అయ్యేకొద్దీ మెల్లగా పుంజుకొనే మర్యాదను టీసీపీకి నేర్పాడు. నేటికీ ఇంటర్నెట్ కుప్పకూలకుండా నిలిచి ఉండడంలో ఆ మర్యాద పాత్ర చాలా పెద్దది.

అయితే ఈ మహనీయుల మేధ అంతా చివరకు ఒక గాజుపోగు మీదనే ఆధారపడుతుంది. దూరవార్తలకు వాడే సింగిల్ మోడ్ పోగు మందం 125 మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఎనిమిదో వంతు. కాంతి నడిచే నడిమి భాగం సుమారు 9 మైక్రాన్లే. నడిమి గాజు వక్రీభవన గుణకం చుట్టూ ఉన్న గాజు కంటే కొద్దిగా ఎక్కువ కావడం వల్ల కాంతి బయటికి పోకుండా లోపలే బందీ అయి సాగుతుంది. గాజులోని మలినాలే కాంతిని మింగుతున్నాయనీ, వాటిని తొలగిస్తే కిలోమీటరుకు 20 డెసిబెల్‌ల లోపు నష్టంతో వార్తను పంపవచ్చుననీ 1966లో చార్లెస్ కావ్ చెప్పినప్పుడు నమ్మినవారు తక్కువ. 1970లో కార్నింగ్ సంస్థలో మౌరర్, కెక్, షుల్ట్జ్ ఆ గీతను దాటి చూపించారు. కావ్‌కు 2009లో నోబెల్ బహుమతి లభించింది. డెసిబెల్, పనివారి నోట డీబీ, కాంతి ఎంత తగ్గిందో చెప్పే కొలత. 3 డీబీ పోతే సగం వెలుగు పోయినట్లు. నేటి పోగులో కిలోమీటరుకు పోయేది సుమారు 0.35 డీబీ, ఇంకా పొడవైన తరంగం మీద 0.2 డీబీ మాత్రమే.

ఇంత స్వచ్ఛమైన గాజును అతికే పని ఎంత శుచిగా సాగాలో మంచి జాయింటరు పని చూస్తే అర్థమవుతుంది. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ అంటూ సాగే పన్నెండు రంగుల వరస అతనికి కంఠస్థం. మొదట అతుకును కాపాడే గొట్టాన్ని, అంటే స్లీవును, పోగుకు తొడుగుతాడు. అతికిన తరువాత దానిని తొడగడానికి దారే లేదు గనుక కొత్తగా నేర్చుకొనేవారి పరీక్ష అక్కడే మొదలవుతుంది. తరువాత రంగుపూతను గాజుకు గీత పడకుండా ఒక్క లాగుతో తీసి, ఐసోప్రోపైల్ ఆల్కహాలుతో తుడిచి, క్లీవర్ అనే పనిముట్టుతో కొనను విరుస్తాడు. కోయడం కాదు, సన్నని గాటు పెట్టి విరవడమే అసలు కిటుకు, ఎందుకంటే ఆ ముఖం అద్దంలా చదునుగా, ఒక డిగ్రీకి మించి వాలకుండా ఉండాలి. స్ప్లైసింగ్ యంత్రం రెండు కొనలనూ ఎదురెదురుగా సరిచేసి, విద్యుత్ మెరుపుతో కరిగించి ఒకటి చేస్తుంది. నేర్పరి చేతిలో ఆ అతుకు నష్టం 0.02 నుంచి 0.05 డీబీ దాకానే ఉంటుంది. కంటికి అతుకు జాడే కనిపించదు. యంత్రపు తెర చూపేది అంచనా మాత్రమేనని ఎరిగిన నిపుణుడు, పోగులోకి కాంతిని పంపి నష్టాన్ని కొలిచే ఓటీడీఆర్ యంత్రంతో రెండు కొసల నుంచీ కొలిచి గాని పెట్టె మూయడు. విరిగిన గాజుముక్కలను ఒక్కటి కూడా నేల మీద పడనీయక డబ్బాలో వేసే ఆ జాగ్రత్త సైతం ఈ విద్యలో భాగమే.

ఈ పట్టుదల చాదస్తం కాదని లెక్క చెబుతుంది. పల్లెలకు ఫైబర్ చేరవేసే జీపాన్ పద్ధతిలో ఆపరేటరు గదిలోని ఓఎల్‌టీ యంత్రం నుంచి ఒకే పోగు బయలుదేరి, విద్యుత్తు అవసరం లేని స్ప్లిటర్ల ద్వారా చీలి ఇళ్లలోని ఓఎన్‌యూ పెట్టెలను చేరుతుంది. సాధారణ శ్రేణిలో దారి పొడవునా పోగొట్టుకోవడానికి అనుమతి ఉన్నది 28 డీబీ. ఎనిమిదేసిగా రెండుసార్లు చీల్చి 64 ఇళ్లకు ఇస్తే స్ప్లిటర్లకే సుమారు 21 డీబీ ఖర్చవుతుంది. పది కిలోమీటర్ల పోగుకు 3.5, నాలుగు కనెక్టర్లకు 1.2 పోగా మిగిలేది 2.3 డీబీ మాత్రమే. దారిలో పది అతుకులు ఉన్నాయనుకుంటే, నేర్పరి వాటిని అర డీబీతో ముగిస్తాడు. అతుకుకు అర డీబీ చొప్పున పోగొట్టే పనివాడు 5 డీబీ మింగి, చివరి ఇంటి పెట్టెలో ఎర్రదీపం వెలిగిస్తాడు. ఆ ఇంట్లో పరీక్షకు చదివే పిల్లకు గాని, ఆన్‌లైన్ వ్యవసాయ మార్కెట్ ఈ-నామ్‌లో ధర చూసుకొనే రైతుకు గాని తప్పు ఎక్కడ జరిగిందో తెలియదు. తెలిసినవాడు జాయింటరు ఒక్కడే.

తీరప్రాంతంలో ఈ నేర్పుకు అసలైన పరీక్ష తుపాను. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. స్తంభం ఒరిగితే దాని మీది ఫైబర్ కూడా తెగుతుంది. అప్పుడు ఓటీడీఆర్ పోగులోకి కాంతి స్పందనను పంపి, అది తిరిగి వచ్చే కాలాన్ని బట్టి తెగిన చోటును చూపుతుంది. కిలోమీటరు పోయి రావడానికి సుమారు 10 మైక్రోసెకన్లు పడుతుంది గనుక కాలమే దూరంగా మారుతుంది. అయితే యంత్రం చెప్పేది పోగు పొడవు మాత్రమే. ఏ స్తంభం దగ్గర ఎన్ని మీటర్ల మిగులు చుట్ట వేలాడుతున్నదో, కాలువ దాటేచోట కేబులు ఎటు మళ్లిందో గుర్తుంచుకొన్న మనిషి లేకపోతే ఆ సంఖ్య ఎవరినీ తెగిన చోటికి చేర్చదు.

ఇంటి లోపలి రాగితీగ విషయంలోనూ ఇదే నీతి. క్యాట్-6 తీగలో నాలుగు జతలను మెలివేసింది అందానికి కాదు. మెలిక వల్ల జతలోని రెండు తీగల మీదా బయటి రొద సమానంగా పడుతుంది గనుక, తేడాను మాత్రమే చదివే యంత్రానికి ఆ రొద వినిపించదు. కనెక్టరు దగ్గర మెలిక అర అంగుళానికి మించి విప్పకపోవడం మంచి పనివాడి గురుతు. ఇక్కడే కల్తీ తాండవిస్తున్నది. అల్యూమినియం తీగకు రాగిపూత పూసి, అచ్చమైన రాగి పక్కన పెట్టి అమ్మే సరుకు ఏ ప్రమాణానికీ నిలవదు. దాని నిరోధం రాగి నిరోధానికి దాదాపు ఒకటిన్నర రెట్లు కావడం వల్ల, తీగ ద్వారానే కరెంటు అందుకొనే నిఘా కెమెరాల దగ్గర అది వేడెక్కుతుంది, రెండుసార్లు వంచితే పుటుక్కున తెగుతుంది. బళ్లకూ ఆసుపత్రులకూ అలాంటి తీగను తెలిసి అంటగట్టడం వ్యాపారం కాదు, ద్రోహం. స్లీవు లేకుండా నల్లటేపు చుట్టి వదిలిన అతుకులు, మేకుకు ముడివేసి వేలాడదీసిన పోగులు, పెట్టె మూతలేక వాన నీరు నిండిన జాయింట్లు తెలుగు పట్టణాల వీధుల్లో ఎటు చూసినా కనిపిస్తున్నాయి. బిగువుగా వంచిన చోట కాంతి పోగును విడిచి కారిపోతుందన్న ప్రాథమిక సత్యం తెలియనివారు కూడా నిచ్చెన ఎక్కుతున్నారు.

విద్య ఎరిగినవారు ఏరీ అంటే, 2020 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ నుంచి 78 వేల మందికి పైగా ఉద్యోగులు ఒక్కసారిగా స్వచ్ఛంద విరమణ తీసుకున్నారు. దశాబ్దాల చేతిపాటవం అప్పగింత లేకుండానే ఇంటిదారి పట్టింది. గాలిలో సంకేతాలు ఎగురుతుండగా తీగలెందుకనే వాదం ఒకటి ఇప్పుడు వినిపిస్తున్నది. టవరు నుంచి చేతిలోని ఫోనుకు మధ్య ఉన్నది మాత్రమే గాలి. దేశమంతటి రద్దీని మోసేది ఫైబరే, అధిక వేగపు టవరు పాదం దగ్గర ఉండవలసినదీ ఫైబరే. గాలిని అందరూ పంచుకోవాలి, పోగు సామర్థ్యాన్ని మాత్రం కొసల యంత్రాలు మార్చి ఏళ్ల తరబడి పెంచుకోవచ్చు. అందుచేత తీగ కాలం చెల్లిందనడం అజ్ఞానమే తప్ప ఆధునికత కాదు.

జరగవలసినవి అసాధ్యమైనవేమీ కావు. ఐటీఐలలో స్ప్లైసింగును ఒక పూట ప్రదర్శనగా కాక, నష్టం కొలిచి మార్కులు వేసే పనిగా నేర్పాలి; విరమించిన జాయింటర్లను గురువులుగా పిలిచి గౌరవవేతనం ఇవ్వాలి; ప్రతి జాయింటు పెట్టెకూ అతికినవారి పేరు, తేదీ, డీబీ విలువ నమోదు చేసే పుస్తకం ఉండాలి. పంచాయతీలూ పాఠశాలలూ తీగ కొనేటప్పుడు అచ్చమైన రాగి అని రాతపూర్వక హామీ అడగాలి. ఇంటికి కనెక్షను తీసుకొనేవారు ఎన్ని ఎంబీపీఎస్ అని మాత్రమే కాక, పెట్టె దగ్గర కాంతి పవరు ఎంత ఉందో కొలిచి చూపమని అడగాలి. ఆ ఒక్క ప్రశ్న మంచి పనివాడికి మర్యాద, చెడ్డ పనివాడికి హెచ్చరిక. షానన్ నుంచి జేకబ్‌సన్ దాకా మహనీయులు అందించిన విద్య పొన్నూరు వీధి చివరి ఇంటికి చేరాలంటే స్తంభం మీద నిలిచిన ఆ చేతికి తగిన శిక్షణ, తగిన కూలి, తగిన పేరు దక్కాలి. అవి దక్కనంతకాలం ఎన్ని వేల కిలోమీటర్ల కేబులు పరిచినా అది పెట్టిన ఖర్చే అవుతుంది గాని కట్టిన నెట్‌వర్కు కాదు.