తొమ్మిదో రౌండ్ దాకా చూడండి

బేస్‌బాల్ డ్రాఫ్ట్ అంటే ఐపీఎల్ వేలం లాంటిది కాదు. పేరు మోసినవాళ్లను డబ్బు పోసి కొనుక్కోవడం ఇందులో ఉండదు. ఏటా జూలైలో అమెరికా జట్లు హైస్కూలు, కాలేజీ కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి. తర్వాత మైనర్ లీగుల్లో ఏళ్ల తరబడి తర్ఫీదు ఇచ్చుకోవాలి. అందులో అన్నిటికన్నా కష్టం, ఆట మొదటినుంచీ బంతులు వేసే స్టార్టింగ్ పిచర్‌ని పట్టుకోవడం. టెక్సస్‌కి వచ్చాక నాకూ ఈ పిచ్చి పట్టుకుంది.

కాలేజీ మైదానాల్లో హోమ్ ప్లేట్ వెనక వరసల్లో, జట్ల కోసం కుర్రాళ్లను వెతికే స్కౌట్లు కూర్చుంటారు. పిచర్ చెయ్యి లేస్తే చాలు, రాడార్ గన్లన్నీ లేస్తాయి. గంటకు 98 మైళ్ల వేగం కనబడగానే గుసగుసలు మొదలు. కానీ ఆ అంకె గ్యాలరీలో ఉన్న అందరికీ తెలుస్తుంది, మా పక్కన పాప్‌కార్న్ తింటున్న పిల్లాడితో సహా. నేను చూసేది పిచర్ ముందరి పాదం. మొదటి ఇన్నింగ్స్‌లో మౌండ్ (పిచర్ నిలబడే దిబ్బ) మీద ఎక్కడ గుంట పడిందో, ఆరో ఇన్నింగ్స్‌లోనూ పాదం అక్కడే దిగుతోందా? అలసట వచ్చేసరికి అడుగు పక్కకు జరుగుతుంది, బంతి అదుపు తప్పుతుంది. ఇంకోటి, అదే బ్యాటర్ మూడోసారి ఎదురుగా నిలబడ్డప్పుడు వాడికి ఇంకా చూపించని బంతి ఏదైనా మిగిలుందా? ఒక్క ఇన్నింగ్స్ వేసి వెళ్లిపోయే రిలీవర్‌కి రెండు రకాల బంతులు సరిపోతాయి. స్టార్టర్‌కి చేంజప్ (నెమ్మదిగా వచ్చి మోసగించే బంతి) లాంటి మంచి మూడోది లేకపోతే గడవదు.

ఈ అంచనాలు ఎంత తప్పుతాయో చూడండి. 2006లో కాన్సస్ సిటీ రాయల్స్ డ్రాఫ్ట్ మొత్తంలో మొదటి ఎంపికగా తీసుకున్నది ల్యూక్ హోచెవర్‌ని. రిలీవర్‌గా మారాకే అతను కుదురుకున్నాడు. తర్వాత మేటి పిచర్ అయిన క్లేటన్ కెర్షా అదే డ్రాఫ్ట్‌లో ఏడో స్థానం దాకా మిగిలాడు. పిట్టంత మనిషని చాలామంది సందేహించిన టిమ్ లిన్సెకమ్ పదో స్థానంలో దొరికాడు, ఆ తర్వాత రెండుసార్లు, మేటి పిచర్‌కి ఏటా ఇచ్చే సై యంగ్ అవార్డు గెలిచాడు. 1991లో మొదటి ఎంపికైన బ్రయన్ టేలర్ అయితే మేజర్ లీగ్ గడపే తొక్కలేదు. ఒక గొడవలో భుజం దెబ్బతింది.

చేతి ఆయుష్షు ఎవరికీ కనబడదు. కుమార్ రాకర్ సంగతే చూడండి. తల్లి భారత సంతతి, తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్ మాజీ ఆటగాడు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీ తరఫున 2019లో డ్యూక్ మీద ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. 2021లో మెట్స్ జట్టు పదో స్థానంలో ఎంచుకుంది. వైద్యపరీక్షల తర్వాత అనుమానం వచ్చి ఒప్పందం చెయ్యకుండానే వదిలేసింది. మరుసటి ఏడు టెక్సస్ రేంజర్స్ మూడో స్థానంలోనే తీసుకుంది. 2023లో మోచేతికి టామీ జాన్ సర్జరీ. 2024 సెప్టెంబరులో మేజర్ లీగ్‌లో అడుగుపెట్టాడు. ఇంతకీ ఎవరి అంచనా నిజమైంది? మెట్స్ భయమూ ఒట్టిది కాదు, రేంజర్స్ నమ్మకమూ ఒట్టిది కాదు.

ఇక ఆలస్యంగా దొరికినవాళ్ల సంగతి. జేకబ్ డిగ్రామ్ కాలేజీలో షార్ట్‌స్టాప్‌గా, అంటే ఫీల్డర్‌గా ఆడేవాడు. 2010లో తొమ్మిదో రౌండ్‌లో, 272వ వాడిగా మెట్స్‌కి దొరికాడు. టారిక్ స్కూబల్‌ని 2018లో టైగర్స్ తీసుకున్నదీ తొమ్మిదో రౌండ్‌లోనే, అప్పటికే మోచేతికి కోత పడింది. ఇద్దరూ చెరి రెండు సై యంగ్‌లు గెలిచారు. డిగ్రామ్‌కి పిచింగ్ కొత్తగా చేతికొచ్చిన విద్య కాబట్టి నేర్చుకునేది ఇంకా ఎంతో ఉందని ఊహించినవాడు నిజమైన స్కౌట్.

నా మటుకు నేను మొదటి ఎంపికను పిచర్ మీద పెట్టను, 2023లో పైరేట్స్‌కి తగిలిన పాల్ స్కీన్స్ లాంటివాడు కళ్లెదుట ఉంటే తప్ప. వచ్చే జూలైలో డ్రాఫ్ట్ చూసేవాళ్లకు ఒక మాట: మొదటి రాత్రితో టీవీ కట్టేయకండి. తొమ్మిదో రౌండ్ మర్నాడు వస్తుంది.