బల్బుదా తప్పు, తీగెదా? — పాతకార్ల దీపాల సంస్కరణపై ఒక విమర్శ

నల్లమలలో ప్రొద్దు కొండచాటుకు పోయిన కొద్దిసేపటికే చీకటి కమ్ముకొంటుంది. ఆత్మకూరు మీదుగా దోర్నాల చేరి, అక్కడినుండి ఘాటెక్కి సున్నిపెంటకు, శ్రీశైలానికి వచ్చే బాట పులుల అభయారణ్యం గుండా సాగుతుంది. రాత్రి ప్రొద్దుపోయిన తరువాత అటవీశాఖవారు చెక్‌పోస్టుల వద్ద వాహనాలను నిలిపివేస్తారు. అయినా సందెవేళకూ ఆ గడువుకూ నడుమ ఎన్నో బండ్లు మలుపులు తిరుగుతూనే ఉంటాయి. ఇట్టి దారిలో బండికి బ్రేకులు ఎంత ముఖ్యమో ముందు దీపాలు కూడ అంత ముఖ్యమే.

పాతకారును ముచ్చటపడి నిలుపుకొన్నవారు దాని దీపాలు మసకగా ఉన్నవని తోచగానే సాధారణంగా చేసే పని ఒకటున్నది: ఎక్కువ వాట్ల బల్బు కొని బిగించడం. ఈ అలవాటు శాస్త్రపరీక్షకు నిలుస్తుందా, నిలవకపోతే అందుకు బదులు ఏది సరియైన మార్గం, అన్నవే ఈ వ్యాసంలో చర్చించదలచిన విషయాలు.

ఉదాహరణకు ఒక బండిని తీసుకొందాము. ఇంగ్లండులో 1962 మొదలు 1980 వరకు తయారైన ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ అనే స్పోర్ట్స్ కారు మనకు పూర్తిగా పరాయిది కాదు. హెరాల్డ్ అనే కారు చట్రాన్ని కురచచేసి దానిని నిర్మించారు. ఆ హెరాల్డునే మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ సంస్థవారు 1961 నుండి స్టాండర్డ్ హెరాల్డ్ అనే పేరుతో మన దేశంలో తయారుచేశారు. దీపాల వైరింగులో ఈ రెండు బండ్లదీ ఒకే సంప్రదాయం. బ్యాటరీ వైపునుండి గోధుమరంగు తీగె డ్యాష్‌బోర్డు మీది స్విచ్చికి వస్తుంది. అక్కడినుండి నీలితీగె అప్పర్, డిప్పర్ మార్చే స్విచ్చికి పోతుంది. అటుపిమ్మట తెల్లచార గల నీలితీగె అప్పరుకు, ఎర్రచార గల నీలితీగె డిప్పరుకు తిరిగి ముందుకు వెళతాయి. అనగా దీపాలు త్రాగే కరెంటు మొత్తం బండి ముందునుండి లోపలికి వచ్చి, రెండు స్విచ్చుల గుండా నడిచి, మరల ముందుకు పోవలసి ఉన్నది. ఈ మార్గంలో ఫ్యూజు కూడ లేదు.

ఈ ఏర్పాటును మూర్ఖమని కొట్టివేయడం న్యాయం కాదు. భాగాలు తక్కువ, ఏది చెడినా కనిపెట్టడం సులువు, కొత్తలో స్విచ్చుల స్పర్శలు శుభ్రంగా ఉన్నప్పుడు ఆనాటి బల్బులకు అది చాలింది. దోషమల్లా కాలం గడచినకొద్దీ బయటపడుతుంది. ఇత్తడి స్పర్శలపై ఆక్సైడు పొర కడుతుంది. తీగెల కొసలు నల్లబడతాయి. బల్బునుండి కరెంటు బండి ఇనుప చట్రం గుండా బ్యాటరీకి తిరిగి పోవలసిన చోట తుప్పు అడ్డుపడుతుంది. బల్బు ఎప్పటిదే, దానికి అందవలసిన వోల్టేజి మాత్రం దారిలోనే కరిగిపోతుంది.

ఎంత కరిగిపోతుందో లెక్కవేసి చూతము. 60 వాట్ల బల్బులు రెండు 12 వోల్టుల వద్ద 10 ఆంపియర్లు తీసుకొంటాయి. ఒక చదరపు మిల్లీమీటరు మందముగల రాగితీగె నిరోధము మీటరుకు 0.017 ఓము. ఆ తీగె 5 మీటర్లు ఉంటే నిరోధము 0.086 ఓము, పదింటితో హెచ్చించగా నష్టం 0.86 వోల్టు. పాతబడిన స్విచ్చులు, అతుకులు, చట్రపు ఎర్తు కలిసి ఇంకొక 0.11 ఓము చేర్చినవనుకొందాము. మొత్తము 0.2 ఓము, నష్టము 2 వోల్టులు. ఇంజను నడుస్తూండగా బ్యాటరీ వద్ద 13.5 వోల్టులున్నా బల్బుకు 11.5 మాత్రమే దక్కుతుంది.

15 శాతం వోల్టేజి తగ్గితే వెలుతురు కూడ 15 శాతమే తగ్గుతుందని అనుకోరాదు. తంతువు చల్లబడినకొద్దీ దాని కాంతి అతివేగంగా క్షీణిస్తుంది. తంతుదీపాల వెలుతురు సుమారుగా వోల్టేజియొక్క 3.4వ ఘాతమును అనుసరిస్తుంది. ఆ ప్రకారం పై బండికి దక్కేది రావలసిన వెలుతురులో 58 శాతమే.

ఇప్పుడు పెద్ద బల్బు వైద్యాన్ని పరీక్షించవచ్చును. 60 వాట్లకు బదులు 100 వాట్ల బల్బులు బిగించామనుకొందాము. అదే 0.2 ఓము దారిలో కరెంటు 15 ఆంపియర్లు దాటుతుంది, నష్టం 3 వోల్టులకు పైబడుతుంది, బల్బుకు 10.4 వోల్టుల ప్రాంతం మిగులుతుంది. వాట్లను మూడింట రెండువంతులు పెంచి కొన్నవానికి పెరిగే వెలుతురు అయిదవ వంతుకు కూడ చేరదు. తీగెలలో పుట్టే వేడి కరెంటుయొక్క వర్గాన్ని అనుసరిస్తుంది గనుక, అది మాత్రం రెండున్నర రెట్లవుతుంది. కరెంటు మరీ ఎక్కువై స్విచ్చి మాడవచ్చు. ఫ్యూజు లేని తీగెపై తొడుగు కరగవచ్చు. ఆనాటి డైనమోలు గరిష్ఠంగా ఇచ్చేది 20 ఆంపియర్ల ప్రాంతమే. ఘాటులో ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు అంత కూడ రాదు. ఆ కొరత బ్యాటరీ భరించవలసినదే.

రెండవ వైద్యం పాత గిన్నెలోనే ఎల్.ఇ.డి. బల్బు దూర్చడం. కరెంటు తక్కువ తీసుకొంటుందన్నమాట నిజమే గాని, ఇక్కడ చిక్కు విద్యుత్తుది కాదు, దృక్శాస్త్రానిది. 1971లో వచ్చిన హెచ్-4 బల్బులో డిప్పరు తంతువును దర్పణపు నాభికి ముందుగా నిలిపి, దానిక్రింద చిన్న లోహపు గిన్నెను అమర్చారు. ఎదురువాని కంటిలో వెలుతురు పడకుండ కాపాడేది ఆ అమరికయే. తంతువు ఉన్న కచ్చితమైన చోటులోనే కాంతి వెలువడని ఎల్.ఇ.డి. పెడితే కిరణాలు చెదరిపోతాయి. నడిపేవానికి ముందున్న నేల తెల్లగా మెరిసి ధైర్యం కలుగుతుంది. మలుపులో ఎదురయ్యేవానికి కళ్లు చీకట్లు కమ్ముతాయి. ఒకని ధైర్యం వేరొకని ప్రమాదమైనప్పుడు దానిని అభివృద్ధి అనలేము. వాహనం నిర్మాణాన్ని తయారీదారు నిర్ణయించిన వివరాలకు భిన్నంగా మార్చడాన్ని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ విభాగం నియంత్రిస్తున్నదని కూడ యజమానులు గుర్తుంచుకోవాలి.

మూడవ మార్గం దారినే బాగుచేయడం. దానికి సాధనం రిలే. ఇందులో ఒక చిన్న విద్యుదయస్కాంతం ఉంటుంది. పాత స్విచ్చి, పాత తీగెలు ఆ అయస్కాంతానికి కావలసిన 0.15 ఆంపియరు ప్రాంతపు కరెంటును మాత్రమే మోస్తాయి. అయస్కాంతం లోపలి స్పర్శలను కలుపగానే బ్యాటరీనుండి దీపాలకు అసలు కరెంటు దగ్గరిదారిన పోతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగితీగె 2 మీటర్లు వాడితే నష్టం 0.14 వోల్టు. అతుకులకూ ఎర్తుకూ మరికొంత కలిపినా బల్బుకు 13.1 వోల్టులు చేరుతాయి. అదే 60 వాట్ల బల్బు ఇప్పుడు పూర్వంకంటె 55 శాతం అధికంగా వెలుగుతుంది!

ఈ అంకెలకు బాటమీద అర్థమేమి? గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనుకు 16.7 మీటర్లు నడుస్తుంది. అడవిజంతువును చూచి బ్రేకు త్రొక్కడానికి ఒక సెకను, ఆ మీద ఆగడానికి 28 మీటర్లు. మొత్తం 45 మీటర్ల దాపు. మసకదీపంతో 46 మీటర్లు కనిపించేదనుకొంటే, వెలుతురు దూరవర్గానికి విలోమంగా మారుతుంది గనుక, రిలే అమర్చిన పిమ్మట 57 మీటర్లు కనిపిస్తుంది. మునుపు ఒక్క మీటరు మిగులు, ఇప్పుడు పన్నెండు. బాటమీదికి వచ్చిన దుప్పి బ్రతకడానికీ చావడానికీ ఆ కొద్ది మీటర్లే కారణం కావచ్చును.

ఈ మార్గం కూడ నిర్దోషం కాదు. పూర్తి వోల్టేజి అందిన బల్బుకు ఆయువు తగ్గుతుంది. వెలుతురుకు అది మనం చెల్లించే మూల్యం. దీపాలు రెండింటికి ఒకే ఫ్యూజు పెడితే అది పోయిన క్షణంలో మలుపులో సంపూర్ణ అంధకారమే. కనుక కుడికి, ఎడమకు వేరువేరు ఫ్యూజులు, అప్పరుకు, డిప్పరుకు వేరువేరు రిలేలు ఉండాలి. ప్రధానమైన ఫ్యూజును బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఉంచాలి. ఫ్యూజు లేని లావుతీగె సన్నతీగెకంటె అపాయకరం. ఎర్తుతీగెను మరచి కొత్తతీగె వేస్తే సగం పనే జరిగినట్లు. ఈ జాగ్రత్తలు పాటిస్తే మూలపు వైరింగును కోయనక్కరలేదు; పాతకారు పాతకారుగానే నిలుస్తుంది.

శ్రీశైలం కుడిగట్టు పవర్‌హౌసులో ఒక్కొక్కటి 110 మెగావాట్ల యంత్రాలు ఏడున్నవి. అక్కడ పుట్టిన విద్యుత్తును దూరం పంపేముందు వోల్టేజిని లక్షల వోల్టులకు పెంచుతారు. అందువలన కరెంటు తగ్గి, తీగెలలో నష్టం తగ్గుతుంది. కారులో వోల్టేజిని పెంచుకొనే వీలు లేదు గనుక దారిని కురచచేసి, తీగెను లావుచేస్తాము. సూత్రం ఒకటే, ఉపాయాలు రెండు.

మన పాఠ్యపుస్తకాల వలయపటాలపై ఒక మాట చెప్పకుండా ఈ విమర్శ ముగియదు. ఆ పటాలలో బ్యాటరీకి, బల్బుకు నడుమ తీగె వట్టి గీతగా ఉంటుంది; దానికి నిరోధమే లేనట్లు లెక్కలు చేయిస్తాము. ఓము నియమం వల్లించిన విద్యార్థి రేపు పెద్ద బల్బు కొనడానికి ఈ గీత కూడ ఒక కారణం. ఉపాధ్యాయులు టార్చి బల్బును ఒకమారు పొడవాటి సన్నతీగెతో, మరొకమారు కురచయైన లావుతీగెతో వెలిగించి, రెండుసార్లూ బల్బు కొసలవద్ద వోల్టుమీటరు ఉంచి చూపవలెను. బ్యాటరీ వద్ద ఎంత ఉన్నది, బల్బు వద్ద ఎంత ఉన్నది అని అడగడం నేర్చిన పిల్లవాడు దుకాణంలో వాట్లను చూచి మోసపోడు.