నల్ల బొగ్గు, తెల్ల పత్తి, ఎర్ర మిర్చి

హాబీగా ఫోటోలు తీయడం మొదలుపెట్టినవాళ్లలో చాలామంది రెండు మూడేళ్లు తిరక్కుండానే కెమెరాను బీరువాలో పెట్టేస్తారు. అడిగితే తీరిక లేదంటారు, మంచి లెన్స్‌కు లక్షలు కావాలంటారు, మన దగ్గర తీయడానికి ఏముందిలే అంటారు. ఈ మూడూ నిజమే కావచ్చు. కానీ తీరిక, డబ్బు, చూడదగ్గ చోట్లు అన్నీ ఉన్నవాళ్లు కూడా మానేస్తున్నారు. ఫోటో చెడినందుకు ఎవరూ మానరని, ఎందుకు చెడిందో తెలియకే మానేస్తారని నా అభిప్రాయం. బాగా రాలేదని కంటికి తెలుస్తూనే ఉంటుంది, ఏం చేసి ఉంటే బాగా వచ్చేదో మాత్రం అంతుపట్టదు. అలాంటివి ఓ వంద పోగయ్యాక ‘ఇది నాకు రాదు’ అనుకోవడం సహజం. కారణం దొరికిందా, అదే చెడిన ఫోటో మనల్ని మళ్లీ ఆ చోటికి లాక్కుపోతుంది. ఆ కారణాలు కొత్తగూడెం చుట్టుపక్కల దొరికినంత స్పష్టంగా చాలాచోట్ల దొరకవు.

బొగ్గుతోనే మొదలుపెడదాం. 1871లో విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఇల్లెందు దగ్గర బొగ్గు జాడ కనిపెట్టిన నాటి నుంచి ఈ ప్రాంతపు బతుకంతా ఆ నల్లరంగు చుట్టూనే తిరిగింది. సింగరేణి బొగ్గు సంస్థ ప్రధాన కార్యాలయం ఉన్న కొత్తగూడెంలో కెమెరా పట్టినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు బొగ్గు లారీనో, సైడింగ్‌లో నిలబడ్డ వ్యాగన్లనో తీయకుండా ఉండరు. తీసి చూస్తే బొగ్గు బూడిదలా కనిపిస్తుంది, పైనున్న ఆకాశం తెల్లగా పాలిపోయి ఉంటుంది. కెమెరా పాడైందేమో అనిపిస్తుంది. నిజానికి కెమెరా తన పని తాను చేసింది. అందులోని మీటరుకు ఎదురుగా ఉన్నది బొగ్గో పత్తో తెలియదు. వస్తువు మీంచి తిరిగొచ్చే వెలుతురును కొలిచి, లోకమంతా సగటున ఓ మధ్యరకం బూడిదరంగులో ఉంటుందన్న లెక్కతో ఎక్స్‌పోజర్ నిర్ణయిస్తుంది. ఇప్పటి కెమెరాలు ఇంకాస్త తెలివిగా కొలుస్తాయి గానీ, ఫ్రేమ్ నిండా నలుపే ఉంటే అవీ తడబడతాయి. వెలుతురు చాలలేదనుకుని ఎక్కువ వెలుతురును లోపలికి రానిస్తాయి. ఎక్స్‌పోజర్‌ను ఒక స్టాపో, ఒకటిన్నర స్టాపో మనమే తగ్గిస్తే బొగ్గు బొగ్గులా వస్తుంది. అక్టోబరు దాటాక పత్తి చేలల్లోకి వెళితే కథ తిరగబడుతుంది. విచ్చిన పత్తి ఫ్రేమంతా పరుచుకుంటే మీటరు వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది, తెల్లటి పత్తి మాసిన బట్టలా కనిపిస్తుంది. ఇక్కడ పెంచాలి.

మూడోది మిర్చి. ఇది ఇంకా లోతైన పాఠం. సంక్రాంతి దాటాక ఖమ్మం జిల్లా కల్లాల్లో ఆరబోసిన మిర్చిని తీసినవాళ్లకు తెలుస్తుంది, కంటికి ఒక్కో కాయా విడివిడిగా కనిపిస్తుంటే ఫోటోలో ఎర్ర పెయింటు ఒలికినట్టు ముద్దగా వస్తుంది. ఫోటోలో వెలుతురు ఎలా పరుచుకుందో చూపే హిస్టోగ్రామ్ గీత చూస్తే అంతా సరిగ్గానే ఉన్నట్టుంటుంది. సెన్సర్ ఎరుపు, ఆకుపచ్చ, నీలం విడివిడిగా నమోదు చేస్తుంది. మిర్చి మీంచి వచ్చేదంతా ఎరుపే కాబట్టి ఎరుపు వాటా ముందే నిండిపోయి, అందులోని మడతలు, మెరుపులు, నీడలు చెరిగిపోతాయి. మిగతా రెండు రంగులు ఖాళీగా ఉండటం వల్ల సగటు గీత మాత్రం మామూలుగా కనిపిస్తుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్‌ను విడిగా చూడటం అలవాటు చేసుకుంటే గానీ ఈ తప్పు దొరకదు. ఈ సంగతి ఒకసారి బుర్రకెక్కితే బంతిపూల తోరణం, పసుపు కొమ్ములు, ఎర్రంచు పట్టుచీర అన్నీ వేరుగా కనిపించడం మొదలవుతుంది. నలుపు, తెలుపు, ఎరుపు ముప్పై నలభై కిలోమీటర్ల లోపే దొరికే ఈ నేల మీద ఫోటోగ్రఫీ నేర్చుకునేవాడికి విషయం లేదనడం నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

తప్పు పట్టుకోవడానికి కాస్త నిదానం కావాలి. భద్రాచలంలో ముక్కోటికి ముందురోజు సాయంత్రం గోదావరిలో జరిగే తెప్పోత్సవాన్నే చూడండి. హంస వాహనం ఫోటో చాలామందికి అలికేసినట్టు వస్తుంది, ‘చెయ్యి వణికింది’ అనుకుని మరుసటి ఏడాది ట్రైపాడ్‌తో వస్తారు. మళ్లీ అదే అలుకుడు. ఫోటోను కాస్త పరీక్షగా చూస్తే సంగతి అందులోనే ఉంటుంది. అవతలి ఒడ్డు దీపాలతో సహా అన్నీ ఒకే వైపు సాగితే కెమెరా కదిలింది. ఒడ్డు దీపాలు చుక్కల్లా నిలిచి, తెప్ప మాత్రమే చెదిరితే తెప్ప కదిలింది. ట్రైపాడ్ చేతి వణుకును ఆపుతుందే తప్ప తెప్పను ఆపలేదు. దానికి షట్టర్ వేగం పెంచాలి, ఐఎస్ఓ పెంచి ఫోటోలో కాస్త నాయిస్ వచ్చినా ఒప్పుకోవాలి. ఈ తేడా గుర్తించని మనిషి ఏడాదంతా ఎదురుచూసి పాత తప్పే మళ్లీ చేస్తాడు. శ్రీరామనవమి కల్యాణమూ అంతే, చైత్రమాసపు మిట్టమధ్యాహ్నం ఎండనూ పందిరి నీడనూ ఒకే ఫ్రేమ్‌లో ఇరికించబోయి రెండూ పోగొట్టుకున్నవాళ్లకు మళ్లీ అవకాశం ఏడాదికి గానీ రాదు. అందుకే రాసుకోవాలంటాను. షట్టర్ వేగం, అపెర్చర్, టైము ఎలాగూ ఫైల్‌లోనే ఉంటాయి. మనం ఏమనుకుని తీశామో, ఏది రాలేదో ఫైల్‌కు తెలియదు. ఆ ఒక్క వాక్యం మనమే రాయాలి. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త ఎరిక్సన్, మరో ఇద్దరు పరిశోధకులు బెర్లిన్ వయొలిన్ విద్యార్థుల మీద ప్రచురించిన ప్రసిద్ధ పత్రాన్ని ఎన్ని గంటలు సాధన చేయాలన్న లెక్కగానే గుర్తుపెట్టుకున్నవాళ్లు ఎక్కువ. ఏ లోపం మీద పనిచేస్తున్నామో తెలిసి చేసే సాధనకే విలువన్నది అందులోని అసలు మాట.

దీనికి వెంటనే వచ్చే అభ్యంతరం ఒకటుంది. ఆఫీసు నుంచో, షిఫ్టు దిగో వచ్చి కాసేపు ఊరట కోసం కెమెరా పట్టుకునే మనిషికి ఈ పుస్తకాలూ లెక్కలూ ఎందుకు, సరదా కాస్తా పరీక్షైపోదా అంటారు. ఈ మాటను తేలిగ్గా తీసిపారేయలేను. ప్రతి ఫోటోకూ మార్కులు వేసుకుంటూ కూర్చుంటే నిజంగానే చిరాకు పుడుతుంది. నేనడుగుతున్నది అన్ని ఫోటోల లెక్క కాదు, వెళ్లినప్పుడల్లా ఏది రాలేదు, ఎందుకు అన్న ఒకే ఒక్క ప్రశ్న. చదరంగం ఆడేవాళ్లు ఓడిన ఆటను మళ్లీ పేర్చి చూసుకుంటారు, వాళ్లకు ఆ పేర్చడంలోనూ ఆట ఆడినంత సంతోషమే ఉంటుంది. ఇంకో అభ్యంతరం, ఇప్పటి మొబైళ్లూ ఎడిటింగ్ యాప్‌లూ ఈ తప్పులన్నీ వాటంతటవే దిద్దేస్తున్నాయి కదా అన్నది. కొన్నిటిని దిద్దుతాయి, నిజమే. కానీ ఎరుపు పూర్తిగా నిండిపోయిన చోట వెనక్కి తేవడానికి ఏమీ మిగలదు. పైగా నీడలన్నిటినీ వెలిగించే మొబైల్ సాఫ్ట్‌వేర్ బొగ్గును మళ్లీ బూడిద చేసే ప్రమాదం ఉంది. తప్పుచోట నిలబడటం, క్షణం ముందే నొక్కేయడం, ఏం చూపించాలో తేల్చుకోకపోవడం వంటివి దిద్దే యాప్ ఇంకా రాలేదు.

పోటీలూ బహుమతులూ లేకపోతే ఉత్సాహం ఎక్కడినుంచి వస్తుందని అడిగేవారికి నా దగ్గర పాత జవాబొకటి ఉంది. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్‌బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు స్టాన్‌ఫర్డ్‌లోని పిల్లల బడిలో, బొమ్మలు వేయడమంటే ఇష్టమున్న చిన్నారులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. ఇంకో గుంపుకు చెప్పకుండా వేశాక ఇచ్చారు. మూడో గుంపుకు ఏమీ లేదు. కొన్నాళ్లకు చూస్తే, బహుమతి కోసమని వేసిన పిల్లలే రంగుల జోలికి తక్కువ వెళ్లారు. అనుకోకుండా బహుమతి అందుకున్నవాళ్ల ఇష్టం చెక్కుచెదరలేదు. పొగడ్త చెడ్డదని దీనర్థం కాదు, పొగడ్త కోసమే తీయడం మొదలైనప్పుడు అది ఆగిన రోజున చెయ్యీ ఆగిపోతుంది. నిజాం కాలంలో హైదరాబాద్‌ను ప్రపంచానికి చూపిన రాజా దీన్‌దయాళ్ రూర్కీలో ఇంజనీరింగ్ చదివి, ఇండోర్‌లో ప్రజాపనుల శాఖ ఉద్యోగిగా ఉంటూ 1874లో హాబీగా కెమెరా పట్టాడు. ఆరో నిజాం ఆస్థాన పదవీ, బిరుదూ తర్వాత ఎప్పటికో వచ్చాయి. గాజు పలకల మీద, మందులు కలుపుకుంటూ, తప్పు జరిగితే పలకే వృథా అయ్యే రోజుల్లో ఆయన్ను నిలబెట్టింది ఆ పనే.

చెడిన ఫోటోలను అక్కడికక్కడే చెరిపేయడం నాకు బొత్తిగా నచ్చని అలవాటు. ఫిల్మ్ రోజుల్లో కాంటాక్ట్ షీట్ ఉండేది, 36 ఫ్రేములూ ఒకే కాగితం మీద వరసగా కనిపించేవి. కార్టియె బ్రెసాన్ వంటి ఫోటోగ్రాఫర్ల షీట్లతో 2011లో మ్యాగ్నమ్ ఫోటో సంస్థ ఓ పెద్ద పుస్తకమే తెచ్చింది. పేరొందిన ఫోటోకు ముందూ వెనకా తీసినవి చూస్తే ఆ ఫోటో దాకా వాళ్లు ఎలా నడిచొచ్చారో తెలుస్తుంది. మెమరీ కార్డులో చోటు కోసం మనం చెరిపేస్తున్నది ఆ నడకనే. ఇంకో సంగతి కూడా ఉంది. పాల్వంచలోని పాత థర్మల్ విద్యుత్ కేంద్రానికి (కేటీపీఎస్) 8 కూలింగ్ టవర్లు ఉండేవి. దశాబ్దాల పాటు అవి ఆ దారిన పోయే ప్రతి ఫోటోలోనూ వెనకాల అడ్డంగా నిలబడ్డాయి, ‘టవర్ అడ్డొచ్చింది’ అని తీసేసిన ఫోటోలు ఎన్నో ఉండి ఉంటాయి. 2024 ఆగస్టు 5న వాటిని పేలుడు పదార్థాలతో కూల్చేశారు. ఆ రోజు తర్వాత, అడ్డొచ్చిన టవర్ ఉన్న ఫోటోకు ఉన్న విలువ వేరు. ఏది తప్పో తీసిన సాయంత్రమే తీర్పు చెప్పేయకపోవడం మంచిది.

నా వాదనకు ఒకచోట హద్దు ఉందని మాత్రం ఒప్పుకోవాలి. చేసి నేర్చుకోకూడని తప్పులు కొన్ని ఉన్నాయి, ఎందుకంటే వాటి ఖర్చు మనది కాదు. 635 చదరపు కిలోమీటర్ల కిన్నెరసాని అభయారణ్యంలో దుప్పుల మందను బెదరగొట్టి పరుగు తీయించడం అలాంటిది. కోయ గూడేల్లో, కొండరెడ్ల ఇళ్ల ముందు అడగకుండా లెన్స్ ఎత్తడమూ అలాంటిదే. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యాక హైదరాబాద్ సంస్థానంలో ఉండిపోవలసి వచ్చిన ఆస్ట్రియా మానవశాస్త్రవేత్త ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ గోదావరి కొండల్లోని రెడ్ల మధ్య పనిచేసి 1945లో పుస్తకం వేశాడు. ఆయన తీసిన వేల ఫోటోలు లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయ భాండాగారంలో ఉన్నాయి. వాటి విలువ కాదనలేనిది. అయితే ఆ ముఖాలవాళ్ల మనవలు తమ తాతల బొమ్మ చూడాలంటే చూపు లండన్ వైపు తిప్పాలి. దుమ్ముగూడెం, చర్ల వైపు ఆదివారం పూట కెమెరాతో వెళ్లేవాళ్లకు ఆ దూరం లేదు. ముందు అడగవచ్చు, తీసిన ఫోటోను ప్రింటు తీయించి మరోసారి వెళ్లి చేతికివ్వవచ్చు, దాని ఖరీదు ఓ రెండు టీల డబ్బు. ప్రింటు అందుకున్న తల్లి దాన్ని ఏ జడ్జీ చూడనంత శ్రద్ధగా చూస్తుంది. పాప కాళ్లు కోసేశారెందుకని, ముఖం ఇంత నల్లగా వచ్చిందేమని నిలదీస్తుంది. ఆ రెండు ప్రశ్నలకూ జవాబు ఫ్రేమింగ్‌లోనూ ఎక్స్‌పోజర్‌లోనూ ఉంది, మూడోసారి వెళ్లడానికి ఆ జవాబే కారణమవుతుంది.