ఎదురెదురు పుటలు, నడుమ విద్యార్థి

సామాన్యశాస్త్ర పుస్తకంలో ఒక పుట ఇంగ్లీషులో ఉంటుంది. దాని కెదురుగా అదే పాఠం తెలుగులో ఉంటుంది. ఇట్టి ద్విభాషా పాఠ్యపుస్తకాలు ఆంధ్రప్రదేశ్ పాఠశాలల్లో 2020లోను, తెలంగాణలో 2022లోను ప్రవేశించినవి. బోధనభాష సాధ్యమైనంతవరకు మాతృభాషయే కావలెనని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెప్పినది. విజ్ఞానశాస్త్రానికి, గణితానికి మేలైన ద్విభాషా పుస్తకాలు తయారు కావలెనని 2020 నాటి జాతీయ విద్యావిధానం కోరినది. ఇంగ్లీషు రావలెననే తల్లిదండ్రుల ఆశకు, తెలిసిన భాషలో నేర్వవలెననే పిల్లల అవసరానికి ఒకే పుస్తకంలో చోటిచ్చిన ఈ పద్ధతి మెచ్చదగినదే. కాని పుటలు ఎదురెదురుగా ఉన్నంత మాత్రాన రెండు భాషలు విద్యార్థి మనస్సులో కలుసుకొంటాయా?

ద్రవ్యరాశి, భారం అనే పాఠాన్ని ఉదాహరణగా చూడవచ్చు. ఇంగ్లీషులో మాస్, వెయిట్. తెలుగులో ద్రవ్యరాశి, భారం. విద్యార్థి ఇంటిలో ఈ రెండింటికీ ఉన్న మాట ఒక్కటే: బరువు. ఆ మాట ఏ పుటలోనూ లేకపోతే అతనికి దక్కేవి రెండు కొత్తమాటలకు బదులు నాలుగు కొత్తమాటలు. నాలుగూ వల్లిస్తాడు, బరువును గురించిన పాతభావన మాత్రం చెక్కుచెదరక లోపలనే ఉండిపోతుంది.

ఉపాధ్యాయుడు 'బరువు'తోనే ప్రారంభించాడనుకోండి. కూరగాయలు తూచే తక్కెడ, గ్యాసు బండను తూచే స్ప్రింగు కాటా పిల్లలు చూచినవే. రెండింటినీ చంద్రునిపైకి తీసుకొనిపోతే ఏమవుతుంది? అక్కడి ఆకర్షణ ఇక్కడి దానిలో సుమారు ఆరవ వంతు. తక్కెడలో వంకాయలూ, గుండ్లూ ఒకే మేరకు తేలికపడతాయి కనుక ముల్లు కదలదు. ఇక్కడి కిలో అక్కడా కిలోయే. స్ప్రింగు కాటా మాత్రం ఆరవ వంతే చూపుతుంది. తక్కెడ పోల్చినది ద్రవ్యరాశిని. స్ప్రింగు కొలిచినది భారాన్ని. కిలో ద్రవ్యరాశిని భూమి లాగే బలం సుమారు 9.8 న్యూటన్లు. ఈ తేడా తెలిసిన తరువాత రెండు పేర్లు, ఏ భాషలో చెప్పినా, నిలుస్తాయి.

ఇంటిమాట తప్పుదారి పట్టించదా అని కొందరి శంక. నిజమే. నెత్తిన గంపతో కదలక నిలబడిన కూలి ఆ గంపపై 'పని' చేయడం లేదని భౌతికశాస్త్రం అంటే, తెలుగులో విన్న విద్యార్థి ఒప్పుకొనడు. ఇంగ్లీషు 'వర్క్'లోనూ ఇదే చిక్కు ఉన్నది. అయితే పరభాషలో నిర్వచనం వల్లించేవానికి చిక్కు ఉన్నట్లే తోచదు. మాతృభాష ఆ పొరపాటును బయటపెడుతుంది. బయటపడని పొరపాటును ఏ ఉపాధ్యాయుడూ దిద్దలేడు గదా!

అసలు లోపం పుస్తకంలో కంటె దానిని వాడే తీరులో ఎక్కువ. ఇంగ్లీషు వాక్యం చదవడం, వెంటనే తెలుగు చెప్పడం, చివరకు ఇంగ్లీషు జవాబు రాయించడం పలుచోట్ల కనిపించే అలవాటు. తెలుగు ఎలాగూ వస్తుందని విద్యార్థి ఇంగ్లీషు వినడు. జవాబు సిద్ధంగా దొరుకుతుంది కనుక తెలుగులో ఆలోచించడు. రెండు భాషలకూ నష్టమే.

ఈ క్రమం తిరగబడవలెను. మొదట చూచినదానిని విద్యార్థి తన మాటల్లో చెప్పవలెను. ఆ తరువాత రెండు భాషల పారిభాషిక పదాలూ నల్లబల్లపై పక్కపక్కన రావలెను. చివరకు ఇంగ్లీషు వాక్యాన్ని, తప్పులున్నా సరే, అతడే కట్టవలెను. కొత్త ముద్రణల్లో ప్రతి పాఠం అంచున ఇంటిమాటకూ చోటిస్తే ఉపాధ్యాయుని శ్రమ సగం తీరుతుంది.