అబ్దుర్రహ్మాన్‌ను ఎక్కడ విరవాలి?

ఇస్లామీయ విషయాలపై తెలుగులో వెలువడే పరిశోధన వ్యాసాలలో ఒకే గ్రంథకర్త పేరు ఒక పుటలో "అబ్దుర్ రహమాన్"గా, మరో పుటలో "అబ్దుల్ రహ్మాన్"గా, చివరి అకారాది సూచికలో ఒట్టి "రహమాన్"గా దర్శనమిస్తూ ఉంటుంది. దీన్ని అచ్చుతప్పుగా భావించి ఊరుకోరాదు. పేరు నిర్మాణం తెలియకపోవడమే దీనికి మూలం.

"అబ్ద్" అంటే దాసుడు. "ఉ"కారం ప్రథమా విభక్తి చిహ్నం. "అల్" నామవాచకానికి ముందు చేరే ఉపపదం. కనుక "అబ్దుల్" పూర్తి పేరు కాదు. ఎవరి దాసుడో చెప్పకముందే ఆగిపోయిన మాట. (దరఖాస్తు ఫారాలలోని గళ్ళు ఈ సగం మాటనే పేరుగా స్థిరపరచాయి.) "రహ్మాన్" అని మాత్రమే రాయడం అంతకన్నా ఇబ్బందికరం. అది అల్లాహ్ నామం. ఆ పేరులోంచి దాసుణ్ణి తొలగిస్తే మిగిలేది ఎవరి పేరో చెప్పనక్కరలేదు. ఇంట్లో చనువుగా పిలుచుకోవడం వేరు, పాదసూచికలో పండితుణ్ణి అలా పేర్కొనడం వేరు.

"అబుల్ కలాం ఆజాద్"లోని "అబుల్" మరో మాట. తండ్రి అనే అర్థం గల "అబూ" నుంచి వచ్చింది. అక్కడ ఒక దకారం ఇరికించేవారు 1958లో మరణించిన మౌలానాను, 2002-2007 మధ్య రాష్ట్రపతిగా ఉన్న అబ్దుల్ కలాంను ఒక్కరినే చేస్తున్నారు.

ఇక హైఫన్ సంగతి. ఎన్‌సైక్లోపీడియా ఆఫ్ ఇస్లాం రెండవ కూర్పు, అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ పద్ధతి రోమన్ లిపిలో "అబ్ద్ అల్-రహ్మాన్" అని లకారాన్ని నిలుపుతాయి. 1982 నాటి జర్మన్ ప్రమాణం ఉచ్చారణను అనుసరించి "అర్-రహ్మాన్" అంటుంది. రెండింటికీ సమర్థన ఉంది. ఒకే వ్యాసంలో రెండింటినీ కలపడానికి మాత్రం లేదు.

తెలుగులో రాసేవారికి ఈ చిక్కే అక్కరలేదు. అరబీలోని 28 అక్షరాలలో 14 అక్షరాల ముందు ఈ లకారం తర్వాతి హల్లుగా మారిపోతుంది. జగత్, నాథ కలిసి జగన్నాథ అయినట్లే. దాన్ని "జగన్ నాథ" అని ఎవరూ విడగొట్టరు కదా! రోమన్ లిపికి హైఫన్ కావలసి వస్తే తెలుగుకు ఒత్తు ఉంది. అబ్దుర్రహ్మాన్, అబ్దుస్సలామ్, షమ్సుద్దీన్ అని కలిపి రాస్తే అరబీ ఉచ్చారణకూ, తెలుగు లిపికీ న్యాయం జరుగుతుంది.

"అల్-బుఖారీ", "అల్-గజాలీ", "అల్-తబరీ" వంటి చోట్ల మాత్రం హైఫన్ ఉండవలసిందే. అది లేకపోతే సూచికలో ముగ్గురూ "అ" కింద గుమిగూడుతారు. బుఖారీని "బ" కింద వెదికే విద్యార్థి, ఆ గ్రంథంలో ఆయన ప్రస్తావనే లేదనుకుంటాడు.

జీవించి ఉన్న రచయితల పేర్లను ఈ సూత్రంతో దిద్దబోవడం తగదు. "అబ్దుల్ రహీం" అని స్వయంగా సంతకం చేసే వ్యక్తి పేరు అలాగే ఉండాలి. సూచికలో "అబ్దుర్రహీం" దగ్గర "అబ్దుల్ రహీం చూడుడు" అని ఒక పంక్తి చేర్చితే చాలు.