ఎవరు మాట్లాడవలెను, ఎవరు వినవలెను?

భిన్న సంస్కృతుల యువతను అంతర్జాలము ద్వారా ఒకచోట కూర్చి, శిక్షణ పొందిన సమన్వయకర్త నడిపింపులో మాట్లాడించుట మేలైన పద్ధతియని తరచుగా వినుచున్నాము. 2003లో ఆరంభమైన సోలియా సంస్థ ఇందుకు బాట వేసినవాటిలో ఒకటి. అది పాశ్చాత్య దేశముల విద్యార్థులను, అరబ్బు, ముస్లిము దేశముల విద్యార్థులను చిన్న బృందములుగా చేసి, వారము వారము వీడియోలో సంభాషింపజేసినది. సమన్వయకర్త ఏ పక్షమును వహింపడు. చెప్పిన మాటలను క్రోడీకరించి, ప్రశ్నలు వేసి, మౌనముగా ఉన్నవారికి తావిచ్చును. వీసా, విమానపు ఖర్చు లేకుండ దూరదేశపు విద్యార్థితో ముఖాముఖి మాట్లాడగలుగుట చిన్న సంగతి కాదని మేమును ఒప్పుకొందుము.

అయితే ఇరుపక్షములకు సమాన సమయమిచ్చిన చాలునను భావము మాకు సమ్మతము కాదు. సంఘములో తగవు వచ్చినప్పుడు చెరి పది నిమిషములిచ్చి, ప్రార్థనతో ముగించుట మేము అనేకమార్లు చూచితిమి, చేసితిమి కూడ.

ఎమిల్ బ్రూనో, రెబెకా సాక్స్ 2012లో ప్రకటించిన పరిశోధన ఇక్కడ గమనార్హము. వారు అరిజోనాలో మెక్సికో వలసదారులను శ్వేతజాతి అమెరికనులతోను, మధ్యప్రాచ్యములో పాలస్తీనీయులను ఇజ్రాయెలీయులతోను వీడియో ద్వారా జతపరచిరి. ఒకరు తమ సమాజములోని జీవితపు కష్టములను వ్రాయవలెను. రెండవవారు దానిని సరిగా క్రోడీకరించి తిరిగి చెప్పవలెను. ఫలితము ఇరువురికి ఒకటి కాలేదు. వలసదారులలోను పాలస్తీనీయులలోను ఎదుటివారిపట్ల వైఖరి ఎక్కువగా మెరుగుపడినది తమ కష్టము చెప్పుకొనినప్పుడు. శ్వేతజాతి అమెరికనులలోను ఇజ్రాయెలీయులలోను ఎక్కువగా మెరుగుపడినది విని తిరిగి చెప్పినప్పుడు. పాలస్తీనీయులు అదే విషయమును, వినువారెవరును లేకుండ, వ్యాసముగా వ్రాసినప్పుడు వారి వైఖరి మారలేదు. కాబట్టి బలము గల పక్షమును వినుటకు కూర్చుండబెట్టగల సమన్వయకర్తయే ఈ పద్ధతికి ప్రాణము. గడియారము చూచి సమయము పంచుటకు అతని అవసరము లేదు.

భాష విషయము కూడ ఇట్టిదే. ఇట్టి సంభాషణలలో అనేకము ఆంగ్లములో జరుగును. మా బి.డి. దినములలో ఆంగ్లములో పత్రము సమర్పించవలసి వచ్చినప్పుడు మాకు తెలిసినదానిలో సగమే చెప్పగలిగితిమి. మిగిలిన సగము మాకు తెలియదనియే సహవిద్యార్థులు అనుకొనిరి. అరబ్బీలో ఆలోచించు విద్యార్థికి ఇదే గతి పట్టినయెడల, అతడు వినబడినట్లు ఎట్లు లెక్కింతుము?

మా అసలు అభ్యంతరము మరియొకటి కలదు. పైన చెప్పిన పరిశోధన కొలిచినది వైఖరిని. పాలస్తీనా యువకునికి ఇజ్రాయెలీయులపట్ల వైఖరి మెరుగైనంత మాత్రమున అతని దారిలోని చెక్‌పోస్టు తొలగదు. అతని కోపము తగ్గుట ఎవరికి మేలు? అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయములో గ్రీకు భాష మాట్లాడు యూదుల ఫిర్యాదు విన్న తరువాత పండ్రెండుగురు అంతటితో విడువలేదు. ఆహారము పంచు పని ఏడుగురికి అప్పగించిరి. ఆ ఏడుగురి పేర్లును గ్రీకు పేర్లే. ఇట్టి కార్యక్రమములను మదింపు చేయువారు చివరి దినపు ప్రశ్నావళితో ఆగక, విన్నవారు తరువాత ఏమి చేసిరో కూడ విచారించవలసియున్నది.