ఇనుము చల్లిన మంచుసముద్రము - ఒక సిద్ధాంతపు బలాబలములు

నత్రజనియు, భాస్వరమును సమృద్ధిగా వేసిన తరువాత కూడ వరిమడి ఎదుగక, ఆకులపై తుప్పురంగు మచ్చలు పడినచో, అది జింకు లోపమై ఉండునని తెలిసినవారు చెప్పుదురు. కొద్దిపాటి జింకు సల్ఫేటు అందగానే ఆ పైరు కోలుకొనును. అంటార్కిటికా ఖండమును చుట్టి ఉన్న దక్షిణ మహాసముద్రమును గురించి అమెరికా శాస్త్రజ్ఞుడు జాన్ మార్టిన్ చెప్పిన సిద్ధాంతము ఇంచుమించు ఇట్టిదే. అయితే అక్కడ లోపించినది జింకు కాదు, ఇనుము. ఈ సిద్ధాంతము ఎంతవరకు నిలిచినది, ఎక్కడ తడబడినది అను విషయము ఉపాధ్యాయులును, విద్యార్థులును పరిశీలింపదగినది.

సముద్రపు పైపొరలలో కంటికి కనబడని ఏకకణజీవులు కోటానుకోట్లు తేలియాడుచుండును. వీనికి వృక్షప్లవకములని పేరు. నేలమీది మొక్కలవలెనే ఇవియు సూర్యకాంతి సహాయముతో, నీటిలో కరిగిన బొగ్గుపులుసు వాయువునుండి తమ ఆహారమును తయారు చేసికొనును. వీనికి నైట్రేటు, ఫాస్ఫేటు కావలెను. వీనిలో డయాటములు అను వర్గమునకు గాజువంటి పెంకును కట్టుకొనుటకు సిలిసిక్ ఆమ్లము కూడ కావలెను. రొయ్యను పోలిన క్రిల్, దానిని తిను తిమింగిలములు, పెంగ్విన్ పక్షులు తుదకు ఈ సూక్ష్మజీవులపై ఆధారపడినవే.

దక్షిణ మహాసముద్రములో లోతునుండి పైకి వచ్చు నీరు ఈ పోషకములను ఎడతెగక మోసికొని వచ్చును. అక్కడి చల్లని పైనీటిలో లీటరుకు 20 మొదలు 30 మైక్రోమోలుల వరకు నైట్రేటు ఉండును. వేసవిలో పగటి కాలము మిక్కిలి దీర్ఘము. అయినను ఆ సముద్రములో చాలభాగమున ప్లవకములు పలుచగానే ఉండును. వేసవి గడచిన పిదప కూడ నైట్రేటు చాలవరకు మిగిలియే యుండును. వడ్డించిన విస్తరి ముందున్నను తినువారు లేనట్లున్న ఈ స్థితికి కారణమేమి?

బ్రిటిష్ వారి డిస్కవరీ పరిశోధనలలో పాల్గొనిన జాన్ హార్ట్ అను శాస్త్రజ్ఞుడు, నేలకు సమీపమున ప్లవకములు దట్టముగా నుండుటకు ఇనుము కారణము కావచ్చునని 1934లోనే సూచించెను. కాని ఆ సూచనను పరీక్షించుట అప్పటివారికి సాధ్యము కాలేదు. ఓడ ఇనుపది, నీటిని తోడు తీగ ఇనుపది. ఇక ఆ నీటిలో సహజముగా ఎంత ఇనుము ఉన్నదో తేల్చుట ఎట్లు? కాలిఫోర్నియాలోని మాస్ లాండింగ్ సముద్ర ప్రయోగశాలలో పనిచేసిన మార్టిన్ బృందము, ఏ మాలిన్యము తగులకుండ నీటిని సేకరించి కొలుచుటలో ఆరితేరెను. వారి కొలతలవలన దక్షిణ మహాసముద్రపు పైనీటిలో ఇనుము అత్యల్పమని తేలెను. నైట్రేటును మైక్రోమోలులలో కొలువగా, ఇనుమును అందులో వెయ్యవవంతైన నానోమోలులలో, అదియు అందలి భిన్నములలో కొలువవలసి వచ్చెను.

ఇది సహజమే. ప్రాణవాయువు కరిగియుండి, కొంచెము క్షారగుణముగల సముద్రజలములో ఇనుము నిలువక, తుప్పువంటి ఘనపదార్థముగా మారి అడుగునకు పోవును. ఎడారుల ధూళి, తీరపు మట్టి, కరుగు మంచు మొదలైనవి ఆ లోటును తీర్చవలెను. దక్షిణ మహాసముద్రము ఎడారులకు చాల దూరము. ప్లవకమునకు లక్ష కార్బను పరమాణువులకు కొద్ది ఇనుప పరమాణువులున్న చాలును. కాని ఆ కొద్దియు లేనిచో అది నైట్రేటును సరిగా వినియోగించుకొనలేదు.

మార్టిన్ ఇంతటితో ఆగలేదు. హిమయుగములలో గాలి పొడిగా నుండి ధూళి అధికముగా ఎగిరెననియు, ఆ ధూళిలోని ఇనుము దక్షిణ మహాసముద్రములో ప్లవకములను పెంచెననియు, అవి బొగ్గుపులుసు వాయువును గ్రహించి లోతులకు చేర్చుటచే వాతావరణములో ఆ వాయువు తగ్గెననియు ఆయన 1990లో ప్రతిపాదించెను. అంటార్కిటికా మంచుపొరలలో ధూళి అధికముగా ఉన్న కాలముననే బొగ్గుపులుసు వాయువు తక్కువగా నుండుట ఆయనకు ఆధారము. అర ఓడ ఇనుమును ఇచ్చినచో హిమయుగమునే తెచ్చి చూపుదునని అంతకు రెండేండ్లు ముందు ఒక సభలో ఆయన పరిహాసముగా అనెను. ఆ మాట సిద్ధాంతముకన్న ఎక్కువ ప్రచారము పొందెను.

ఇక్కడ విమర్శకుడు ఒక భేదమును గుర్తింపవలెను. ఈ సిద్ధాంతములో రెండు వాదములు కలిసియున్నవి. ఇనుము చేరినచో ప్లవకములు పెరుగుననుట మొదటిది. పెరిగిన ప్లవకములు కార్బనును లోతునకు దించుననుట రెండవది. మొదటిది నిజమైనంత మాత్రమున రెండవది నిజము కాదు.

మొదటి వాదమునకు మార్టిన్ చూపిన తొలి సాక్ష్యము సీసాలలోనిది. సముద్రజలమును సీసాలలో పట్టి, కొన్నింటిలో ఇనుమును కలుపగా, వానిలో ప్లవకములు హెచ్చుగా పెరిగెను. సీసాలో ప్లవకములను మేయు జంతువులు సముద్రములో వలె ఉండవు, నీరు లోతునకు కలియదు అని ఇతర శాస్త్రజ్ఞులు ఆక్షేపించిరి. ఆక్షేపణ న్యాయమైనదే. అందుచేత సముద్రముననే ప్రయోగము చేయవలసి వచ్చెను. 1993 జూన్‌లో మార్టిన్ మరణించెను. కొద్ది నెలలకే ఆయన సహచరులు పసిఫిక్ మహాసముద్రమున భూమధ్యరేఖా ప్రాంతములో మొదటి ప్రయోగము జరిపిరి. 1995లో అక్కడనే జరిపిన రెండవ ప్రయోగములో ప్లవకములు విస్తారముగా పెరిగెను. 1999లో ఆస్ట్రేలియాకు దక్షిణమున, దక్షిణ మహాసముద్రములోనే ఇనుమును కలుపగా, డయాటములు పెరిగి పత్రహరితము అనేక రెట్లయ్యెను. ఆ పచ్చని చార వారములు గడచిన పిదప కూడ ఉపగ్రహమునకు కనిపించెను. దీనితో మొదటి వాదము స్థిరపడినదని చెప్పవచ్చును.

రెండవ వాదముపై సాక్ష్యము ఒక్క తీరుగా లేదు. 2004లో జర్మనీ ఓడ పోలార్‌స్టెర్న్‌పై జరిగిన ఐఫెక్స్ ప్రయోగములో డయాటములు పెరిగి, చనిపోయి, ఒకదానికొకటి అంటుకొని ముద్దలై మునిగెను. పెరిగిన దానిలో సగమైనను 1000 మీటర్లకు దిగువకు చేరెనని పరిశోధకులు 2012లో ప్రకటించిరి.

2009లో అదే ఓడపై భారత, జర్మన్ శాస్త్రజ్ఞులు కలిసి లోహాఫెక్స్ అను ప్రయోగమును జరిపిరి. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు చెందిన వాజిహ్ నఖ్వీ, ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ సంస్థకు చెందిన విక్టర్ స్మెటాచెక్ దీనికి నాయకులు. హిందీలో లోహా అనగా ఇనుము. ఆ మాటయే ప్రయోగమునకు పేరైనది. పర్యావరణవాదుల అభ్యంతరముల వలన కొన్నాళ్ళు నిలిచిన ఈ ప్రయోగము, నిపుణుల పరిశీలన ముగిసిన పిదప జనవరి చివర ఆరంభమయ్యెను. సుమారు 300 చదరపు కిలోమీటర్ల నీటిలో, తెలుగువారు అన్నభేది అని పిలుచు ఇనుప సల్ఫేటును కరిగించిరి. రెండు వారములలో ప్లవకములు రెట్టింపయ్యెను. తరువాత పెరుగుదల నిలిచిపోయెను. లోతునకు దిగిన కార్బను చుట్టుపట్ల ఇనుము కలుపని నీటికన్న హెచ్చుగా లేదు.

కారణము ఆ నీటిలోనే ఉన్నది. అక్కడ సిలిసిక్ ఆమ్లము లీటరుకు 2 మైక్రోమోలులకన్న తక్కువ. పెంకునకు ముడిసరకు లేక డయాటములు పెరుగలేదు. పెంకులేని చిన్న జీవులు పెరిగినను, వానిని కోపిపోడులు అను సూక్ష్మజంతువులు మేసివేసెను. ఆ కోపిపోడులను వానికన్న పెద్దవియైన ఆంఫిపోడులు తినెను. ఒక లోటును తీర్చగానే రెండవ లోటు పైకి తేలెను. ఏ పోషకము అన్నిటికన్న తక్కువగా ఉన్నదో అదియే పెరుగుదలకు హద్దు నిర్ణయించునని లీబిగ్ పేరుతో పాఠ్యగ్రంథములలో నున్న నియమము ఇదియే.

లోహాఫెక్స్ విఫలమైనదని అప్పట్లో కొందరు వ్రాసిరి. ఇది సరియైన తీర్పు కాదు. కార్బనును ముంచుటయే ప్రయోగలక్ష్యమనుకొన్నవారికి అది వైఫల్యముగా తోచును. సముద్రమును ప్రశ్నించుట లక్ష్యమైనచో, ఇంత స్పష్టమైన సమాధానము అరుదుగా లభించును. ఇనుము కలిసిన నీరంతయు ఒక్క విధముగా ప్రవర్తింపదని ఐఫెక్స్, లోహాఫెక్స్‌లను పక్కపక్కన ఉంచి చూచినపుడు తెలియును. ఏ ఒక్కదాని వలనను తెలియదు.

మార్టిన్ హిమయుగ వాదము దీనితో కొట్టివేయబడినదని తలచుట కూడ తొందరపాటే. హిందూ మహాసముద్రపు దక్షిణభాగమున కెర్గెలెన్ దీవుల చెంత ఇనుము అడుగునుండి సహజముగా పైకి వచ్చుచున్నది. అక్కడ ఏటేట ప్లవకములు దట్టముగా పెరుగుననియు, కార్బను లోతునకు చేరుటయు అధికమనియు 2005 నాటి పరిశోధనలో తేలెను. ప్రకృతి కొద్దికొద్దిగా, ఇతర పోషకములతో పాటు ఇచ్చునది వేరు. ఓడ ఒక్కసారి గుమ్మరించునది వేరు. హిమయుగములలో బొగ్గుపులుసు వాయువు తగ్గుటకు ఇనుము ఒక కారణమని నేడు పలువురు అంగీకరింతురు. అదియొక్కటే కారణమని చెప్పుటకు ఆధారములు చాలవు.

సముద్రమునకు ఇనుమును వేసి భూతాపమును తగ్గింపవచ్చునను పథకములకు ఈ విమర్శ అవసరము. దక్షిణమున వాడబడిన నైట్రేటు, ఫాస్ఫేటు ఉత్తరపు సముద్రములకు చేరవు. ఒకచోటి పంట మరియొకచోటి కొరతయగును. మునిగినది కుళ్ళునప్పుడు లోతునీటిలో ప్రాణవాయువు తరుగును. అందువలననే సముద్రములలో వ్యర్థములు పడవేయుటను నియంత్రించు లండన్ ఒప్పందపు దేశములు, సక్రమమైన పరిశోధనకు తప్ప ఇట్టి పనులకు అనుమతి తగదని 2008లో తీర్మానించినవి.

ఉత్తరధ్రువ సముద్రమున కథ మరియొక విధముగా నున్నది. నదుల మంచినీరు, కరిగిన మంచు పైన తేలి లోతునీటిని పైకి రానీయవు. అక్కడ చాలచోట్ల వసంతపు పెరుగుదలతోనే నైట్రేటు తరిగిపోవును. రెండు ధ్రువములకు ఒకే సూత్రము చెల్లదు. కావున పోషకములు పెరిగిన ప్లవకములు పెరుగునని ఒక్క వాక్యముతో పాఠము ముగించుట చాలదు. ఏ పోషకము తక్కువ, దాని తరువాత ఏది తక్కువ, వెలుతురు ఎంత, మేయువారెవరు, పెరిగినది ఎక్కడకు పోయినది అను ప్రశ్నలను విద్యార్థిచేత అడిగింపవలెను. పైరు పచ్చదనమును చూచి ఏ రైతును గాదె నిండినదని అనుకొనడు. కళ్ళములో కొలత ముగిసిన పిదపనే ఆ మాట చెప్పును.